కారుకు వేసిన షామియానా

ఫోన్లు ఇంకా మనుషుల జేబుల్లోకి రాని రోజులవి. ఎఫిడువాసె ఊళ్ళో ఒక కబురు ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోవాలంటే ఎవరో ఒకరు నడిచి వెళ్ళాల్సిందే. నడిచేవాళ్ళు దారిలో దానికి కాస్త ఉప్పూకారం అద్దేవారు.

ఆ శనివారం పొద్దున్న బ్రెఫో వేసుకున్న పథకం చాలా చిన్నది. కారుకు పాత గేర్‌బాక్సు బిగించాలి. పాతది అంటే ఇంకో కారులో పనిచేసి, ఆ కారు పోయాక కుమాసి నగరం శివారు షెడ్లలో తుక్కు మధ్య కూర్చుని ఉన్నది. అతని కారు గేర్‌బాక్సు వానాకాలం మొదట్లోనే రెండో గేరు మర్చిపోయింది. తరవాత మూడోది మర్చిపోయింది. చివరికి పెరట్లో, భార్య సర్పొమా రొట్టెల బట్టీకి సరిగ్గా అడ్డంగా ఆగిపోయి, కదలనంది.

అప్పటినుంచి కట్టెల బండి లోపలికి రావడం లేదు. సర్పొమా వీధి చివర నుంచి కట్టెలు నెత్తిన మోసుకొచ్చి రొట్టెలు కాలుస్తోంది. ఆమె ఓపిక కూడా గేరు గేరుగా తగ్గుతూ వచ్చి, శుక్రవారం నాటికి పూర్తిగా ఆగింది.

"ఏమండీ, తుక్కువాడితో మాట్లాడేశాను. రేపు సాయంత్రం వస్తాడు. ఈలోగా మీ కారు తన కాళ్ళమీద తను నడిచి పక్కకి జరిగిందా, సరే. లేదంటే వాడి బండిమీద వెళ్తుంది."

"అది కారు కాదే, మన..."

"మన ఏంటి? చెప్పండి, వింటాను."

బస్టాండులో నెత్తిన రొట్టెల పళ్ళెంతో తిరిగే పిల్లను చూడటానికి, ఆకలి లేకపోయినా రోజూ రొట్టె కొని ఆ కారులో కూర్చుని తిన్న రోజులు బ్రెఫోకు గుర్తొచ్చాయి. సీట్లలో ఆ వాసన ఇప్పటికీ ఉంది. కట్టెలు మోసి మెడ పట్టేసిన మనిషితో ఆ మాట ఎలా అనడం?

ఆ సాయంత్రమే, ఒకప్పుడు తనతోపాటు టాక్సీ నడిపిన టవియాతో కలిసి కారులోని చెడిపోయిన గేర్‌బాక్సును విప్పాడు. నూనె కారకుండా దాన్ని తెల్ల దుప్పట్లో చుట్టి, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని టవియా వ్యానులోకి ఎక్కించారు. ఇది ఇచ్చి షెడ్లలో వేరేది తెచ్చుకోవాలి. ఇన్నేళ్ళు కలిసి బతికిన వస్తువు గదా అని బ్రెఫో ముక్కు ఎగబీల్చాడు. టవియా అతని వీపు తట్టాడు. ఇదంతా మసక వెలుతురులో గోడ అవతల నుంచి పొరుగింటి డాన్సువా చూసింది.

శనివారం పొద్దున్నే ఎండ చురుక్కుమంది. టవియా టాక్సీ మానేశాక షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారంలో ఉన్నాడు. "ఎండలో ఇనుము పట్టుకుంటే చేతులు కాల్తాయిరా" అంటూ కారుమీద షామియానా వేశాడు. షామియానా గుంజలు వ్యానులో అడుగున ఉండటంతో ముందుగా అద్దె కుర్చీలన్నీ దింపి పెరట్లో పేర్చాల్సి వచ్చింది. దుమ్ము పడకుండా కారుకు వీధివైపు ఒక టార్పాలిన్ కూడా కట్టాడు.

అప్పుడే సర్పొమా నల్లబట్టలతో, ఎర్ర తలగుడ్డతో ఇంట్లోంచి బయటికి వచ్చి తలుపుకు తాళం వేసింది. మాంపాంగ్‌లో ఒక రొట్టెలామె అంత్యక్రియలకు వెళ్తోంది. బస్సుకు ఆలస్యమవుతోందని ఎవరితోనూ మాట్లాడకుండా, ఎండకు కళ్ళు తుడుచుకుంటూ పరుగులాంటి నడకతో వీధి దాటింది.

గోడ అవతల డాన్సువా లెక్క పూర్తయింది. నిన్న తెల్లదుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట. ఏడుపు. ఇవాళ షామియానా, కుర్చీలు, నల్లబట్టల్లో భార్య.

"అయ్యో, బ్రెఫో బావ పోయాడు!" అని ఆమె ఇంట్లోకి పరిగెత్తి నల్లబట్టలు వెతుక్కుంది.

ఈ సమయానికి బ్రెఫో కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రాత్రే షెడ్ల నుంచి కొత్తగా వచ్చిన పాత గేర్‌బాక్సు అతని గుండెల మీద ఉంది. దాన్ని పైకెత్తి, దాని ఇరుసును క్లచ్చు మధ్యలోకి దూర్చాలి. ఎత్తేవాడు ఒకడు, దారి చూపేవాడు ఒకడు. సరిగ్గా అప్పుడే ఒక బోల్టు విరిగింది.

"కదలకు. నాలుగు రోడ్ల దగ్గర కొట్లో తెచ్చేస్తా," అన్నాడు టవియా.

"దీన్ని దించి పోరా!"

"దించితే మళ్ళీ ఎవడెత్తుతాడు? ఊపిరి చిన్నగా తీసుకో. ఇదిగో వచ్చేశా."

వ్యాను వెళ్ళిపోయింది. బ్రెఫో చిన్నచిన్న ఊపిర్లు తీసుకుంటూ పడుకున్నాడు. కాసేపటికి టార్పాలిన్ లేని వైపు నుంచి, కారుకీ నేలకీ మధ్య సందులో, కాళ్ళు కనిపించాయి. పగిలిన మడమలు, నల్లబట్టల అంచులు. డాన్సువా కాళ్ళని గుర్తుపట్టాడు. ఆ వెనక ఇంకో రెండు జతలు. తరవాత లెక్క తప్పింది. కుర్చీలు ఈడ్చిన చప్పుడు. ఒకామె గొంతెత్తి ఏడ్చింది.

ఎవరు పోయారో అని బ్రెఫోకు దిగులేసింది. తన పెరట్లో కూర్చున్నారంటే బాగా దగ్గరవాళ్ళే అయ్యుండాలి.

"నిన్నగాక మొన్న నా దగ్గర ఉల్లిపాయలు కొన్నాడు బ్రెఫో. బేరం కూడా ఆడాడు," అంది ఒక గొంతు.

"శవమేదీ?"

"ఎక్కడుంటుంది, ఆసుపత్రి ఐసుగదిలోనే. నిన్న సాయంత్రం నా కళ్ళారా చూశానుగా, దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళారు. ఎంత బరువున్నాడో పాపం, మోసేవాళ్ళు వంగిపోయారు."

బ్రెఫో నోరు తెరిచాడు. పిల్లి కూత లాంటిదేదో వచ్చి ఏడుపుల్లో కలిసిపోయింది. చేతికి అందిన పానాతో పొగగొట్టం మీద ఠంగ్ ఠంగ్ మని కొట్టాడు.

"గంట! పాస్టరుగారు వచ్చారు, లేవండి లేవండి," అన్నారెవరో. కాళ్ళన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. పాస్టరు రాలేదు. కాళ్ళు మళ్ళీ కూర్చున్నాయి.

అతను మళ్ళీ పానా ఎత్తేలోపు డాన్సువా గొంతు సవరించుకుంది.

"నా పెద్దది ఈ కారులోనే పుట్టింది, తెలుసా? మాంపాంగ్ కొండ ఎక్కుతుంటే నొప్పులు. బావ కారు ఆపి, పక్కకు తిరిగి నిలబడి, తన చొక్కా విప్పి వెనక్కి చాచాడు. ఒక్కసారైనా తిరిగి చూడలేదు. ఆ చొక్కాలోనే చుట్టి తెచ్చుకున్నాను పిల్లని."

"అడవులు తగలబడిన కరువు ఏడాది గుర్తుందా?" అన్నాడొక ముసలాయన. "కారులో కర్రపెండలం వేసుకొచ్చి గుమ్మం గుమ్మానికీ పెట్టిపోయేవాడు. ఎవరు పెట్టారో చెప్పేవాడు కాదు. కారు చప్పుడు తెలియదా మనకి?"

బ్రెఫో పానా దించాడు. ఆ చొక్కా నీలం రంగుది. అతను మర్చిపోయాడు. ఇంకొంచెం విందామనిపించింది. అది మనిషి బలహీనత, బరువు గుండెలమీద ఉన్నా పోదు.

"నడపడం మాత్రం ఘోరం," అన్నాడు ఇంకొకడు. అందరూ ఏడుపు మధ్యలో నవ్వారు. బ్రెఫో వెంటనే పానా మళ్ళీ ఎత్తాడు.

అక్కడ నాలుగు రోడ్ల కొట్లో టవియా బోల్టు ఎంచుకుంటుండగా కొట్టువాడు అన్నాడు: "మీ స్నేహితుడు బ్రెఫో పోయాడటగా. జనం కూర్చున్నారు. శవాన్ని ఐసుగదికి పంపేశారట."

టవియా ఆ బోల్టును గుప్పిట్లో బిగించాడు. తను బ్రెఫో గుండెల మీద ఏమి పెట్టి వచ్చాడో తనకు తెలుసు. ఆ ఇంటికి వెళ్ళే ధైర్యం లేక తిన్నగా బ్రెఫో వంశపెద్ద అజెకుం ఇంటికి వెళ్ళి గుమ్మంలో కూలబడ్డాడు.

"నా వల్లే పోయాడు పెద్దాయనా!"

"స్నేహితులు అలాగే అనుకుంటారు. లే," అని అజెకుం పాదరక్షలు తొడుక్కున్నాడు. సారా సీసా ఒకటి చంకలో పెట్టుకున్నాడు.

టవియా వ్యాను వచ్చేసరికి పెరడు నిండింది. వెనకే తన బండితో తుక్కువాడు కూడా, చెప్పిన వేళకంటే ముందే, వచ్చాడు. జనాన్ని చూసి టోపీ తీసి, చిన్నగొంతుతో అడిగాడు: "అమ్మగారు ఈ కారు తీసుకెళ్ళమన్నారండి. ఇప్పుడు తీసుకెళ్ళనా, ఏడుపులయ్యాక రానా?"

"మనిషి ఒళ్ళు చల్లబడకముందే!" అజెకుం కర్ర నేలకు తాటించాడు. "మన ఆచారంలో పోయినవాడి సొత్తు భార్యదా? వంశానిది! అక్క కొడుకుది!"

అప్పుడే టవియా కారు మీద తల ఆనించి ఏడుస్తున్నాడు. అతని కాళ్ళు సరిగ్గా బ్రెఫో చెవి దగ్గర ఉన్నాయి. బ్రెఫో ఉన్న ఊపిరంతా కూడగట్టాడు.

"ఒరేయ్... టవియా..."

టవియా కెవ్వున అరిచి వెనక్కి పడ్డాడు. "వాడే! నన్ను పిలుస్తున్నాడు!"

ఆడవాళ్ళు కుర్చీలతో సహా దూరం జరిగారు. ఆత్మ కారును విడిచి పోలేకపోతోందని అజెకుంకు వెంటనే అర్థమైంది. సీసా మూత తీసి కారు పక్కనే నేలమీద ధార పోస్తూ గట్టిగా అన్నాడు: "పూర్వీకులారా, తాగండి. మీ బిడ్డ బ్రెఫో వస్తున్నాడు, చోటివ్వండి. వాడి మనసు ఈ కారు మీద ఉంది. దీన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ విరగ్గొట్టరు. ఈ క్షణం నుంచి ఇది వాడి అక్క కొడుకు ఒఫోసుది. వినండి, సాక్షులుగా ఉండండి. బ్రెఫో, ఇక పోరా నాయనా."

సారా నేల వాలును బట్టి కారు కిందికి పారి బ్రెఫో కాలరులోకి దిగింది.

అంతలో జనం పక్కకు జరిగి దారిచ్చారు. బస్సు తప్పిపోయి సర్పొమా తిరిగొచ్చింది. తన పెరట్లో షామియానా కింద ఊరంతా నల్లబట్టల్లో ఉంటే ఆమె గేటు దగ్గరే ఆగింది. "ఎవరు?" అంది. డాన్సువా వచ్చి వాటేసుకుంది.

సర్పొమా ఏడవలేదు. మెల్లగా నడిచి వచ్చి కారు తలుపు మీద చెయ్యి వేసింది. బ్రెఫోకు ఆమె కాళ్ళు కనిపించాయి. గోళ్ళ అంచుల్లో పిండి ఉంది.

"నిన్న అన్నం దగ్గర కూడా దీని గురించే దెప్పాను," అందామె, ఎవరితోనూ కాదు. "ఆకలేసే ఆ రొట్టెలు కొంటున్నారని నేను నమ్మాననుకున్నారా? నాకు అప్పుడే తెలుసు. సగం తిని, సగం సీటు కింద దాచేవారు. ఒక్కసారన్నా చెప్పలేదు నేను."

బ్రెఫోకు ఇక ఊపిరి గురించి లెక్క లేకపోయింది.

"సర్పొమా! తియ్యవే!"

జనం గేటు దాకా పరిగెత్తారు. సర్పొమా మాత్రం కదల్లేదు. ఆ గొంతును ఆమె చాలా ఏళ్ళుగా విని ఉంది. దయ్యానికి అంత చిరాకు ఉండదు. వంగి కారు కిందికి చూసింది. కళ్ళు తుడుచుకుంది. తరవాత గొంతు పెంచింది.

"ఊరంతా వచ్చి కూర్చుంటే అక్కడ పడుకున్నారా? పైగా సారా వాసన!"

తరవాతది చాలా తేలిగ్గా జరిగింది. అంత్యక్రియలకు వచ్చిన మగవాళ్ళు నల్లబట్టలు పైకి దోపుకుని నాలుగు వైపులా కారు కిందికి దూరారు. టవియా ఏడుస్తూనే దారి చూపాడు. "ఎడమకి... కొంచెం పైకి... అదీ!" అనగానే ఇరుసు క్లచ్చులోకి వెన్నలో వేలిలా దిగింది. బోల్టులు బిగించారు. నూనె పోశారు. బ్రెఫో సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. మొదటి గేరు పడింది. రెండోది పడింది. కారు బట్టీని దాటి, పెరడు దాటి, వీధిలోకి వచ్చింది. చనిపోయినప్పుడు ఏడ్చినవాళ్ళే చప్పట్లు కొట్టారు. డాన్సువా అందరికంటే గట్టిగా కొట్టింది.

"సరే మరి, మంచిదే," అని సర్పొమా తుక్కువాడిని పంపెయ్యబోయింది. అజెకుం గొంతు సవరించుకున్నాడు.

"తొందరపడకండి. నేను ధార పోశాను. పూర్వీకులు తాగారు. తాగాక మాట వెనక్కి ఎలా వస్తుంది? మనిషి సంగతి వాళ్ళకి మళ్ళీ చెప్పుకుంటాను, ఇంకో సీసాతో. కానీ కారు ఒఫోసుది. ఇకమీదట నీదీ కాదు, నీ భార్యదీ కాదు."

అందరూ బ్రెఫో వైపు జాలిగా చూశారు. అతను స్టీరింగును ఒకసారి నిమిరాడు. సర్పొమా వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసింది. ఆ సీట్లో కూర్చుని ఆమెకు చాలా కాలమైంది. "పోనివ్వండి, ఒఫోసుకు కబురు మనమే చెబుదాం," అంది.

ఒఫోసు కుమాసిలో బడిపంతులు. కారెక్కితే అతనికి వాంతులు.