మూర్ఛ నివారణార్థం ట్రాన్స్‌ఫార్మర్ తొలగింపు కమిటీ

కోరుట్లలో మూర్ఛకు మా గల్లీ ట్రాన్స్‌ఫార్మరే కారణమని కనిపెట్టిన శాస్త్రజ్ఞుణ్ని నేనే. పేరు పాషా. వృత్తి మోటారు వైండింగు. పొద్దంతా రాగితీగ చుట్టల మధ్యే కూర్చునేవాణ్ని. వాటిని మాత్రం అనుమానించలేదు, అన్నం పెట్టేవి కదా!

చిన్నప్పటి నుంచీ నాకు మూర్ఛ. జగిత్యాల డాక్టరు రాసిన గోలీలు మింగుతుంటే చాలాకాలంగా రాలేదు. సకల జనుల సమ్మె రోజుల్లో, కరెంటు పరికరాల అయస్కాంత క్షేత్రాలకూ మూర్ఛకూ సంబంధం ఉందేమోనని పరిశోధిస్తున్నారంటూ పేపర్లో వచ్చింది. ఆ వాక్యంలో 'ఏమో'ను వదిలేసి మిగతాది నమ్మాను.

దీక్షా శిబిరంలో ఈ సంగతి చెప్పగానే కరుణాకర్ రావు లేచాడు. పాత దొరల కుటుంబం. తెలంగాణ ఉద్యమంలోనూ ఆయనది ముందువరుస కుర్చీయే.

"బొగ్గు మనది, కరెంటు ఆళ్లది, మూర్ఛ మనకా?" అని గర్జించాడు.

చప్పట్లు మోగాయి. కమిటీ ఏర్పడింది. నేను గౌరవాధ్యక్షుణ్ని. గౌరవాధ్యక్షుడు గోలీలు మింగితే ఉద్యమానికి అప్రతిష్ఠ కనుక మానేశాను.

"గోలీలు ఏసుకోకుంటె పడిపోతవ్. గా ట్రాన్స్‌ఫార్మర్ అచ్చి లేపుతదా నిన్ను?" అంది నా భార్య లతీఫున్నీసా. శాస్త్రీయ దృక్పథం ఆవశ్యకత గురించి ఆమెకు చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

సమ్మెతో బొగ్గు ఆగింది, కరెంటు పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ మూగబోయింది. నా సిద్ధాంతం ప్రకారం నా అంత ఆరోగ్యవంతుడు లోకంలో లేడు. ఆ మాట చెప్పడానికే వేదిక ఎక్కాను. "కరెంటు లేదు, గన్క మూర్ఛ..." అన్నంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి శిబిరంలోని బండ్ల తాళంచెవులన్నీ నా గుప్పిట్లో ఉన్నాయి. నాలుక తెగి నోరంతా నెత్తురు. లతీఫున్నీసా నా తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"భయపడకుండ్రి! ఒంట్ల జమైన పాత కరెంటు ఎళ్లిపోతున్నది!" అని కరుణాకర్ రావు ప్రకటించాడు. మళ్లీ చప్పట్లు.

బస్సులు బందు. లతీఫున్నీసా ఆటో మాట్లాడి నన్ను జగిత్యాల తీసుకుపోయింది.

"అయస్కాంతాల సంగతి ఇంకా తేలలే పాషా. గోలీలు మానేస్తె ఫిట్స్ అస్తయన్నది మాత్రం ఎన్నడో తేలింది" అన్నాడు డాక్టరు.

సిగ్గుపడి, సిద్ధాంతాన్ని వెనక్కు తీసుకుంటానని కమిటీకి విన్నవించాను. ససేమిరా అన్నారు. అంతకాలం పిల్లల మూర్ఛను దాచుకున్న ఇళ్లవాళ్లు, నా పుణ్యాన, "మా పిల్లకు ట్రాన్స్‌ఫార్మర్ తగిలింది" అని తలెత్తుకుని చెప్పుకుంటున్నారట. రోగం రక్తంలో కాక స్తంభం మీద ఉంటే వంశానికి మచ్చ లేదు.

"నిజం జెప్పి మా బిడ్డ కొమురమ్మ సంబంధం చెడగొడ్తవా?" అన్నాడు మా గల్లీ సాంబయ్య.

ఆ సాయంత్రం కరుణాకర్ రావు మా దుకాణానికి వచ్చాడు. షట్టరు తానే సగం దించాడు. మైకు అవసరంలేని ఆ గొంతు నాకే సరిగా వినపడలేదు.

"పాషా, నువ్వు మింగే గోలీల పేరేంది? మా బిడ్డ రిషితకు..."

"డాక్టరుకు సూపియ్యి దొరా. ఒకరి గోలీలు ఒకరికి పనికిరావు."

"సూపిస్తె నలుగురికీ తెలుస్తది. సిరిసిల్ల సంబంధం ఖాయమైతున్నది."

మర్నాడు ట్రాన్స్‌ఫార్మర్ ముందు ధర్నాలో అందరికన్నా పెద్దగా అరిచింది ఆయనే. పక్కనే నేనూ పిడికిలెత్తాను, గోలీ మింగే వెళ్లాను లెండి. మీ ఇంట్లో ఎవరికైనా కావాలంటే డాక్టరు పేరు చెబుతాను. కాస్త చెవి ఇటు పెట్టండి.