ఝట్‌పట్ పుణ్యం, త్రేన్చని ఆవు

ఆవుకు పూర్ణం బూరెలు పెట్టాల్సిందే! వద్దన్నవాడు సైన్సుకూ పనికిరాడు, పుణ్యానికీ పనికిరాడు.

ఈ మాట చెబుతున్నది దారినపోయే దానయ్య కాదండీ. ఆవు ఏం తినాలి, ఎంత తినాలి, తిన్నది లోపల ఏమవుతుంది అని తేల్చే యూనివర్సిటీ ల్యాబులో జుట్టు నెరిసిన నరసింహమూర్తిని. గోపన్‌పల్లి వైపు ప్రహరీ పక్కన కనిపించే రేకుల షెడ్డు, దాని వెనకున్న ల్యాబు మావే. చుట్టూ లేచిన అపార్టుమెంట్ల పై అంతస్తుల నుంచి చూస్తే మా ఆవులు అగ్గిపెట్టెలంత కనిపిస్తాయట. వాసన మాత్రం ఫుల్ సైజులోనే వస్తుందట!

మేం చేసే పని చాలా సింపుల్. ఆవు ముందు పెట్టిన మేత తూస్తాం. అది వదిలేసిన మేత తూస్తాం. పాలు తూస్తాం, పేడ కూడా తూస్తాం. అన్నిటికీ ప్యాకెట్టు, ప్యాకెట్టు మీద చీటీ, చీటీ మీద బరువు, పైన ఒక ఫొటో. పెళ్లిచూపుల్లో "అబ్బాయి పేడ తూస్తాడు" అని చెప్పుకోలేక మావాళ్లు "డేటా అనలిటిక్స్" అంటారు. ఈ ఐటీ ఏరియాలో ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు.

మా ల్యాబులో రమ్య అని అనంతపురం అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. టాపిక్ ఏమిటంటారా? ఆవుల త్రేన్పులు తగ్గించడం. నవ్వకండి! ఆవు త్రేన్చినప్పుడల్లా మీథేన్ గ్యాసు బయటికొచ్చి భూమిని వేడెక్కిస్తుంది. అందుకని సగం ఆవులకు మేతలో చింతగింజల పొట్టు కలిపి పెడుతుంది. మిగతా సగానికి మామూలు మేతే. ఎవరు ఎంత త్రేన్చారో పోల్చి చూస్తుంది. ఫెలోషిప్ అయిపోవస్తోంది. ఈ ట్రయల్ చెడితే పీహెచ్‌డీ లేదు, ఇన్నేళ్ల చాకిరీ గంగలో పోసినట్టే.

మామూలు మేత గుంపులో మల్లి అనే ఆవుంది. దాని ఎడమ డొక్కకు ఒక కిటికీ ఉంటుంది. నిజం కిటికీయే! ఆపరేషన్ చేసి రబ్బరు మూత బిగించారు. మూత తీసి, భుజందాకా గ్లౌజు తొడుక్కుని, లోపల చెయ్యిపెట్టి మేత ఎంతవరకు అరిగిందో చూడొచ్చు. మల్లి ఏమీ అనుకోదు, నెమరేస్తూ నిలబడుతుంది. మనలో ఎంతమంది అంత ట్రాన్స్‌పరెంట్‌గా ఉన్నాం చెప్పండి?

ఇదిలా ఉండగా, మన ఐటీ కారిడార్‌కు 'ఝట్‌పట్ పుణ్యం' అనే యాప్ దిగింది. దానికి చేతులెత్తి దండం పెట్టాలి!

పాపం, రాయదుర్గంలో గాజు బిల్డింగులో కూర్చున్న మనిషికి జ్యోతిష్యుడు "ఆవుకు బెల్లం పెట్టు నాయనా, ప్రమోషన్ వస్తుంది" అంటాడు. ఆవు ఎక్కడుంది? బ్యాడ్జి లేకుండా ఆవును లోపలికి రానిస్తారా? ఈ కష్టాన్ని యాప్ తీర్చేసింది. ప్రమోషన్ ప్యాక్ అంటే బెల్లం, నానబెట్టిన శనగలు. హోమ్‌లోన్ ప్యాక్‌లో అరటిపళ్లు. సంబంధం కుదరాలంటే నేతి బూరెలు. ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నవాళ్లకు పాలకూర, డిస్కౌంట్ కూడా ఉంది. ఆర్డర్ పెట్టిన పది నిమిషాల్లో ఆవు నోట్లో పడుతుంది, ఫొటో మీ ఫోన్లో పడుతుంది.

ఇంత టెక్నాలజీ మన పూర్వులకు ఉందా? ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయిన మనిషి రెండు హారన్ల మధ్య గోసేవ చేసేస్తున్నాడు. ఒకావిడ కెమెరా ఆపేసి, మీటింగులో "యెస్, యెస్" అంటూనే ఆవుకు డజను అరటిపళ్లు తినిపించిందట. మేనేజరుకు తెలియదు. ఆవుకూ ఆవిడెవరో తెలియదు!

ఇక మ్యాపులో దగ్గరలో ఉన్న ఆవును వెతుకుతుంది యాప్. రోడ్ల మీద తిరిగే ఆవులు జీపీఎస్‌కు దొరకవు. ఇరవై నాలుగు గంటలూ ఒకే అడ్రసులో దొరికే ఆవులు ఈ చుట్టుపక్కల ఎవరివి? మావి! మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా మా షెడ్డుకు 'గోమాత హబ్' అని పేరు కూడా పెట్టేశారు. రోడ్డు వైపు ఊచల గేటు పక్కనే మల్లి ఉండే చోటు. ఇంకేం కావాలి?

మాకీ వైభవం కొన్నాళ్లు తెలియనే లేదు. రమ్య లెక్కలు మాత్రం గందరగోళంగా వస్తున్నాయి. మామూలు మేత తినే మల్లి పెళ్లిభోజనం చేసినదానిలా త్రేన్చుతోంది. అమ్మాయి తిండీ నిద్రా మానేసి త్రేన్పులు కొలిచే మిషన్లన్నీ విప్పి బిగించింది. చివరికి ఒకరోజు కిటికీ తీసి చెయ్యి పెట్టింది.

"సార్, ఒకసారి ఇట్ల రాండి సార్! దీని కడుపులో ఏందో ఉండాది."

వెళ్లి చూశాను. ఆ చేతిలో ఉన్నదాన్ని ఏ మిషనూ పెట్టకుండా గుర్తుపట్టాను. మాది అమలాపురం. పూర్ణం బూరెను ఏ స్థితిలో ఉన్నా గుర్తుపట్టగలను.

"బూరెలు ఎవరు పెడతాండారు సార్ దీనికి?" అంది రమ్య, ఏడుపు ఆపుకుంటూ.

షెడ్డు చూసుకునే పోచయ్యను పిలిచాం. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"రోజూ బండ్ల మీద తెస్తున్నరు గద సార్. ప్యాకెట్ మీద చీటీ ఉంటది, తూకం రాసుంటది, పెట్టినంక ఫొటో గిట్ల తీస్కపోతున్నరు. మన ఎక్స్‌పరిమెంటే అనుకున్న. రమ్య మేడమ్ కొత్తది షురూ చేసిందనుకున్న."

ఆయన్ని ఏమనగలం? ప్యాకెట్టు, చీటీ, తూకం, ఫొటో! ప్రపంచంలో ఇంకే షెడ్డులోనైనా అనుమానం వచ్చేది. మా దగ్గర రాదు. నిజం చెప్పాలంటే వాళ్ల చీటీలు మావాటికన్నా బాగున్నాయి. మా ప్రింటర్‌లో ఇంకు అయిపోయి చాలా కాలమైంది.

వెంటనే గేటుకు రేకు కొట్టించమని అర్జీ పెట్టాం. అది పరిశీలనలో ఉంది. "ప్రయోగంలో ఉన్న ఆవులు. ఏమీ పెట్టరాదు" అని బోర్డు రాయించాం. జనం ఆ బోర్డుకు కూడా ఫొటో తీసుకున్నారు. ప్రయోగంలో ఉన్న ఆవంటే పవర్ ఎక్కువట! యాప్ వాళ్లు మల్లిని 'ప్రీమియం ఆవు' చేసేశారు.

ఆ గురువారమే ఐటీ కంపెనీల్లో అప్రైజళ్లు. పొద్దున్నుంచి గేటు దగ్గర బళ్ల మీద బళ్లు. మేం అందరం ల్యాబులో శాంపిల్స్‌తో కుస్తీ పడుతున్నాం. పోచయ్య ఒక్కడు కర్ర పట్టుకుని ఎంతమందిని ఆపుతాడు? సాయంత్రానికి మల్లి నెమరెయ్యడం ఆపేసింది. బెల్లం, బూరెలు, అన్నం లాంటివి ఎక్కువైతే ఆవు కడుపు పులిసిపోతుంది, ప్రాణం మీదికే వస్తుంది. కడుపు ఉబ్బి, తల వేలాడేసి నిలబడింది. రమ్య ఆ కిటికీలోంచి దోసిళ్లతో తోడి పోసింది. డాక్టరు వచ్చి మందులు పట్టించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

యాప్ కస్టమర్ కేర్‌కు రాశాం. "మీ ఆవుకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ తదుపరి పుణ్యంపై కూపన్ పంపుతున్నాం" అని జవాబొచ్చింది. ఎంత మర్యాద! ఉండబట్టలేక మెనూ మొత్తం చూశాను. బాదంపప్పు ఉంది, డ్రైఫ్రూట్ లడ్డు ఉంది. గడ్డి మాత్రం లేదు. గడ్డి ఫొటోలో బాగా పడదట.

దేవుడి దయవల్ల మల్లి కోలుకుంది. ట్రయల్ మాత్రం పోయింది. రమ్య పీహెచ్‌డీ గైడుగారు ఇదే ఆఖరి ఛాన్సు అని చెప్పి, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టనిచ్చారు.

అప్పుడు రమ్యకు సీమ కోపం వచ్చింది. స్టోర్ రూములో ఎప్పుడో ఎగ్జిబిషన్ కోసం చేయించిన ఫైబర్ ఆవు ఉంది. ఒక చెవి విరిగింది. దాన్ని దొర్లించుకొచ్చి గేటు పక్కన నిలబెట్టి, మల్లిని లోపలి వరసకు మార్చేసింది.

"కనిపెట్టేస్తారేమోనమ్మా" అన్నాను.

"వాళ్లు ఆవును ఎప్పుడు చూసినారు సార్?"

అమ్మాయి మాటే నిజమైంది. ఎవరూ కనిపెట్టలేదు! ప్యాకెట్లు దాని మూతి ముందు పెడుతున్నారు, ఫొటో తీస్తున్నారు, వెళ్తున్నారు. రేటింగు ఇదివరకటికన్నా పెరిగింది. 'చాలా శాంతమైన ఆవు'. 'కెమెరాకు బాగా కోఆపరేట్ చేసింది'. 'మా ఆయనకు ఆన్‌సైట్ వచ్చింది, థాంక్యూ గోమాతా'.

కిందటి వారం అవినాష్ అనే ప్రాజెక్టు మేనేజరు స్వయంగా వచ్చాడు. ప్రమోషన్ వచ్చిందట, దర్శనం చేసుకోవాలట. ఫైబర్ ఆవు ముందు షూస్ విప్పి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తోక కళ్లకద్దుకున్నాడు. చేతికి కాస్త పెయింట్ అంటింది, గంధం అనుకున్నాడు.

"ఎంత కామ్‌గా ఉందండీ! ఏ బ్రీడ్ మేడమ్ ఇది?"

"ఎగ్జిబిషన్ బ్రీడ్ సార్" అంది రమ్య.

సరిగ్గా అప్పుడే లోపల మల్లి ఒక్కసారి అంబా అంది. వెనకే గాలి ఇటు తిరిగింది. అవినాష్ కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఛ! ఏం వాసనండీ బాబూ! ఇంత పవిత్రమైన ప్లేసు పక్కన అదేంటండీ ఆ షెడ్డు? ఎవరూ కంప్లైంట్ చెయ్యరా?"

అతనే చేశాడు. మనిషి మాట మీద నిలబడేవాడు. అపార్టుమెంట్ల వాళ్లూ సంతకాలు పెట్టారు. యూనివర్సిటీ కమిటీ కార్లో వచ్చి, కార్లోంచే చూసి, నోట్ తయారుచేసింది. "గేటు వద్దనున్న ఆవుకు యాప్‌నందు మంచి రేటింగు, ప్రజాదరణ ఉన్నందున దానిని యథాతథంగా ఉంచవలెను. వాసన, శబ్దము, పేడ కలిగిన మిగతా ఆవులను తరలించవలెను." సోమవారం తుది నిర్ణయం. ట్రయల్ ఇప్పుడు సగంలో ఉంది. ఆవుల్ని కదిపితే మేత మారుతుంది, లెక్క మారుతుంది, రమ్య పీహెచ్‌డీ అక్కడితో సరి.

ఇందులో తప్పేముంది? కమిటీ నిర్ణయాన్ని నేను మనసారా సమర్థిస్తున్నాను! ఈ ఊరికి కావలసిన ఆవు దొరికింది. మేత అడగదు, పేడ వెయ్యదు. రమ్య ఇన్నేళ్లు కష్టపడి పావువంతు త్రేన్పులు తగ్గిస్తే గొప్ప అనుకుంది. ఈ ఫైబర్ ఆవు ఇంతవరకు ఒక్కసారి త్రేన్చలేదు! డాక్టరేట్ దానికే ఇచ్చేస్తే పోలా?

ఈ మాట రమ్యతో అన్నాను, నవ్విద్దామని. నవ్వలేదు. మల్లి పక్కన స్టూలు వేసుకుని, దాని మూతికి కట్టిన గొట్టం సరిచేస్తూ, "సోమవారం దాకా అయినా కొలుస్తా సార్" అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీలో ఝట్‌పట్ పుణ్యం కస్టమర్లు చాలామందే ఉంటారు. బూరెలు మానమని నేను అడగను, మీ కోరికలు మీవి. ఒక చిన్న సాయం చాలు. కమిటీ రేటింగులు చూస్తుంది కదా? సోమవారంలోపు ఫోన్ తీసి, మీకు పుణ్యం ఇచ్చిన ఆ గేటు ఆవుకు ఒక్క స్టార్ ఇవ్వండి. యాప్ కారణం అడుగుతుంది. నిజమే రాయండి.

'ఆవు త్రేన్చలేదు.'