కమిషనర్ గారి బ్యాంగ్ స్టిక్

"ప్రజల ప్రాణాలకూ, వాళ్ల పెంపుడు కుక్కల ప్రాణాలకూ పూచీ నాది. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మేబెల్ సరస్సులో తిరుగుతున్న మొసలిని నా స్వహస్తాలతో సంహరిస్తాను" అని ఫ్లోరిడాలోని టిల్‌మన్ కౌంటీ కమిషనర్ హార్లన్ టిడ్‌వెల్ గారు ప్రకటించారు. కౌంటీ ఆఫీసు ఏసీ హాల్లో, రెండు జెండాల మధ్య నిలబడి ప్రకటించారు. ఎన్నికలు ఆపై మంగళవారం. ఈ రెండు తేదీలకూ ఏ సంబంధమూ లేదని, ఎవరూ అడక్కముందే ఆయనే వివరణ ఇచ్చారు.

సంహారానికి వాడబోయే ఆయుధాన్ని కూడా సభకు చూపించారు. దాని పేరు బ్యాంగ్ స్టిక్. మనిషంత పొడుగు కర్ర, దాని కొసన జానెడు గొట్టం, గొట్టంలో ఒకే ఒక్క తూటా. సముద్రంలో లోతుకి ఈదేవాళ్లు సొరచేపల కోసం, ఫ్లోరిడాలో మొసళ్లు పట్టేవాళ్లు తాడుకి చిక్కిన మొసలి కోసం దీన్ని దగ్గర పెట్టుకుంటారు. నీళ్లలోనైనా పేలుతుంది. గురి చూడక్కర్లేదు, దూరం అంచనా వెయ్యక్కర్లేదు, కర్ర కొసని జంతువు నెత్తికి ఆనించి ఒక్క పోటు పొడిస్తే చాలు. రాజకీయ నాయకులకు ఇంతకన్నా అనువైన ఆయుధం ఇంకా పుట్టలేదు. ఉన్నదల్లా ఒకటే ఇబ్బంది, జంతువు దగ్గరికి స్వయంగా వెళ్లాలి.

"ఏ సమస్యనైనా నేను దూరం నుంచి చూసి వదిలెయ్యను, తాకి మరీ పరిష్కరిస్తాను" అన్నారు కమిషనర్ గారు. ఆ వాక్యం అప్పటికే మూడు వందల టీ షర్టుల మీద అచ్చయి, హాలు గుమ్మం దగ్గర అట్టపెట్టెల్లో ఉంది.

ఈ కార్యక్రమాన్నంతా డెల్మా ప్రుయిట్ తన షెడ్డులో మొసలి తోలు ఒలుస్తూ చిన్న టీవీలో చూస్తోంది. డెల్మా ఆ కౌంటీకంతటికీ ఒక్కతే మొసళ్లు పట్టే మనిషి. ఎవరింటి వెనకైనా, ఏ బడి కాలవలోనైనా మొసలి చేరి ఇబ్బంది పెడితే వాళ్లు వన్యప్రాణి ఆఫీసుకి ఫోన్ చేస్తారు, ఆఫీసు ఫిర్యాదుకి ఒక నంబరిచ్చి డెల్మాకి చెబుతుంది, ఆమె వెళ్లి పట్టుకొస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఇంకో పని చేతకాదు, చెయ్యాలనీ లేదు. టీవీలో కమిషనర్ గారు "ఈ మహత్కార్యంలో నాకు డెల్మా ప్రుయిట్ సాయపడుతుంది" అనగానే ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ సంగతి అందరితోపాటు ఆమెకీ అప్పుడే తెలిసింది.

మర్నాడు కౌంటీ ఆఫీసులో ప్రెస్టన్ కేట్స్ ఆమెను కూర్చోబెట్టాడు. ప్రెస్టన్ కమిషనర్ గారి ప్రచార కార్యదర్శి. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు, అప్పుడే ముగ్గురు నాయకులను ముందుకు తీసుకొచ్చాడు. అందులో ఒకరు ఇంకా బెయిలు మీద బయటే ఉన్నారు.

"సరస్సులో అసలు మొసలుందా లేదా డెల్మా గారూ?"

"ఒకటుంది. ఎనిమిదడుగులుంటుంది. ఎవరి జోలికీ పోదు. కానీ శనివారం పదింటికి రమ్మంటే రాదు."

"ఎందుకు రాదు?"

"దానికి వారాలు తెలీవు."

ప్రెస్టన్ అది రాసుకున్నాడు. "పోనీ, ఇంకోచోట నుంచి ఒకదాన్ని తెచ్చి వదిలితే?"

"ప్రాణమున్న మొసలిని ఒకచోట పట్టి ఇంకోచోట వదిలితే నేరం. నా పర్మిట్ ఊడుతుంది."

"ప్రాణం లేనిదైతే?"

డెల్మా చట్టమంతా మనసులో తిరగేసింది. దాని గురించి ఎక్కడా లేదు. రాసినవాళ్లకి ఆ అవసరం తట్టి ఉండదు.

"చచ్చినదాన్ని చంపడమెందుకు బాబూ?"

"భద్రత కోసం. కమిషనర్ గారికి భార్య ఉన్నారు." ప్రెస్టన్ కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. "మీ పర్మిట్ రెన్యూవల్ ఈ నెలలోనే కదండీ. మా సిఫార్సు ఉత్తరం టైపు చేసి రెడీగా ఉంది. సంతకానికి పెన్ను వెతుకుతున్నాం."

శనివారం లోపల పెన్ను దొరక్కపోవచ్చని డెల్మాకి అర్థమైంది. ఆమెకి కోపం వచ్చింది. కోపంతో పర్మిట్ రాదని కూడా తెలుసు గనుక సరేనంది.

గురువారం సాయంత్రం కమిషనర్ గారింటి పెరట్లో శిక్షణ మొదలైంది. ఇల్లు సరస్సు ఒడ్డునే. గుర్రాలు నీళ్లు తాగే పెద్ద తొట్టి నింపి, అందులో మొసలికి బదులు పుచ్చకాయను వదిలారు. ఇంటావిడ జెరాల్డీన్ గారు అందరికీ ఐసు వేసిన టీ ఇచ్చి, తానొక గ్లాసు పుచ్చుకుని వరండాలో కూర్చున్నారు.

"ముందు పిన్ను తియ్యాలి సార్. పిన్నుంటే పేలదు" అంది డెల్మా.

"నాకు చెబుతావా డెల్మా" అంటూ కమిషనర్ గారు పిన్ను తియ్యకుండానే పొడిచారు. పుచ్చకాయ మునిగి, తేలి, గుండ్రంగా తిరిగింది.

"బెదిరిపోయింది సార్" అన్నాడు ప్రెస్టన్, ఫోటో తీస్తూ.

రెండోసారి పిన్ను తీశారు. కళ్లు మూసుకుని పొడిచారు. కర్ర పుచ్చకాయ పక్కనుంచి పోయి తొట్టి అడుక్కి తగిలింది. చెవులు గింగుర్లెత్తాయి. తొట్టిలో నీళ్లన్నీ చిల్లులోంచి జెరాల్డీన్ గారి గులాబీ మొక్కల్లోకి పారాయి. పుచ్చకాయకి ఏమీ కాలేదు.

"తొట్టి అడుగు పాడైన సంగతి సార్ కనిపెట్టారు" అన్నాడు ప్రెస్టన్.

"ముప్ఫై ఒక్క ఏళ్లనుంచీ చూస్తున్నా హార్లన్, నువ్వు చెయ్యి పెట్టింది ఏదీ మిగల్లేదు" అన్నారు జెరాల్డీన్ గారు. కమిషనర్ గారు దీన్ని ప్రశంసగా స్వీకరించారు.

ఇక మొసలి సంగతి. డెల్మా షెడ్డులోని పెద్ద ఫ్రీజరులో పదకొండు అడుగులది ఒకటుంది. జూన్‌లో బడి పక్క కాలవలో పద్ధతిగా, ఫిర్యాదు నంబరు మీద పట్టింది. తోకకి ప్రభుత్వం ట్యాగు కూడా ఉంది. ఫ్రీజరులో పట్టడానికని చుట్టచుట్టి పెట్టింది గనుక అది గడ్డకట్టి జిలేబీలా తయారైంది. దాన్ని బుధవారమే స్నానాలగదిలో తొట్టెలో వేసింది. గురువారానికి తోక సాగింది, శుక్రవారానికి మెడ లొంగింది, పొట్ట మాత్రం బండరాయిలాగే ఉండిపోయింది. మూడు రోజులు డెల్మా స్నానానికి పక్కింటికి వెళ్లింది. పని చేస్తున్నంతసేపూ సిగ్గుతో చచ్చిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఆమె ఏ మొసలినీ రెండోసారి చంపలేదు.

శనివారం తెల్లవారకముందే దాన్ని సరస్సులో దించారు. లోపలి ఐసు వల్ల మునగనని మొరాయించింది. కాళ్లకి సిమెంటు ఇటుకలు కట్టాక ఒప్పుకుంది.

పది గంటలకు సరస్సు గట్టున ఇసకేస్తే రాలనంత జనం. హైస్కూలు బ్యాండు, చర్చి ఆడవాళ్ల కేకుల దుకాణం, ఉడికించిన వేరుశనక్కాయల బండి. కమిషనర్ గారు తొడలదాకా రబ్బరు బూట్లు వేసుకుని పడవ ముందుభాగాన నిలబడ్డారు. డెల్మా వెనక నుంచి తాడు లాగింది. నీళ్లలోంచి పదకొండు అడుగుల భయంకరాకారం నెమ్మదిగా, ఎంతో సహకరిస్తూ పైకి వచ్చింది. గట్టు మీద పిల్లలు కేకలు పెట్టారు. డెల్మా ఆయన చెవిలో "పిన్ను" అంది. కమిషనర్ గారు పిన్ను తీశారు, కళ్లు మూసుకున్నారు, పొడిచారు. ఈసారి తగిలింది. అంత పెద్దదానికి తగలకుండా పొడవడం ఎవరి తరమూ కాదు.

పేలుడుకి బ్యాండులో ఒకడు బాకా జారవిడిచాడు. జనం ఈలలు వేశారు. డెల్మా నీళ్లలోనే ఇటుకల తాళ్లు కోసేసి మొసలిని గట్టుకి లాగాక వన్యప్రాణి ఆఫీసరు ఇబానెజ్ చేతిలో కొత్త ట్యాగుతో వచ్చాడు. చంపిన ప్రతి మొసలి తోకకీ అక్కడికక్కడే ట్యాగు వెయ్యాలని నియమం.

"దీనికి అప్పుడే ట్యాగుందే" అన్నాడు.

"ముందస్తు ప్రణాళిక" అన్నాడు ప్రెస్టన్.

ఇబానెజ్ పొట్ట మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "ఇంత చల్లగా ఉందేంటి?"

"చల్లటి రక్తం జంతువు కదయ్యా. ఆఫీసరువి, ఆమాత్రం తెలీదా?" అన్నారు కమిషనర్ గారు.

ఇబానెజ్ డెల్మా వైపు చూశాడు. డెల్మా సరస్సు వైపు చూసింది. అతను జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి రెండుసార్లు తిరగేశాడు. మొసలి నిజమైనదే, ట్యాగు నిజమైనదే, చావు కూడా నిజమైనదే. తేదీలో కాస్త తేడా ఉంది, అంతే. పుస్తకం మూసి వేరుశనక్కాయల బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ ఉత్సాహంలో కమిషనర్ గారు మైకు అందుకుని, ప్రెస్టన్ కూడా రాసివ్వని మాట ఒకటి అనేశారు. "ఈ క్షణం నుంచి టిల్‌మన్ కౌంటీ మొసళ్లు లేని కౌంటీ!" సాయంత్రానికల్లా సరస్సు చుట్టూ ఆ మేరకు బోర్డులు వెలిశాయి. బ్యాంగ్ స్టిక్‌ను కౌంటీ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టారు.

సోమవారం డెల్మాకి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది కమిషనర్ గారి సిఫార్సు. సంతకం ఉంది. "ఈమె కౌంటీలో చెయ్యడానికి పనేమీ మిగల్చలేదు" అని మెచ్చుకున్నారు. రెండోది వన్యప్రాణి ఆఫీసుది. "మీ కౌంటీలో మొసళ్లు లేవని అధికారికంగా ప్రకటించారు గనుక, పట్టే మనిషి అవసరం కూడా లేదు. మంగళవారం సాయంత్రం ఐదు లోపల కౌంటీ నుంచి ఒక్క ఫిర్యాదైనా రాకపోతే మీ పర్మిట్ రద్దవుతుంది. అభినందనలు."

డెల్మా ప్రెస్టన్‌కి ఫోన్ చేసింది. "ఉత్తరంలో తప్పేముందండీ, పొగిడాం కదా" అన్నాడు. ఊళ్లో తెలిసినవాళ్లని అడిగింది. మేబెల్ సరస్సు పక్క ముసలాయన, కిందటేడు ఇదే కాలంలో మూడుసార్లు ఫిర్యాదు చేసినవాడు, "లేవని బోర్డు పెట్టారుగా డెల్మా, నేను చూసినా నమ్మను" అన్నాడు. ఆ రాత్రి డెల్మాకి అన్నం సయించలేదు.

మంగళవారం ఉదయం పదకొండింటికి ఆమె ఫోన్ మోగింది. గొంతు బాగా చిన్నగా ఉంది.

"డెల్మా, నేను. హార్లన్‌ని. ఓటేసొచ్చి ఈతకొట్టాను. ఇప్పుడు ఈతకొలను జారుడుబల్ల మీదున్నాను."

"ఎందుకు సార్?"

"కింద నిచ్చెన దగ్గర ఒకటుంది."

డెల్మా వెళ్లి కంచె మీదుగా చూసింది. శనివారం పేలుడుకీ, బ్యాండుకీ బెదిరి సరస్సు వదిలేసిన ఎనిమిదడుగులది నిచ్చెన మొదట్లో హాయిగా ఎండ కాగుతోంది. పైన కమిషనర్ గారు ఈత నిక్కరుతో, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నారు.

"ఫిర్యాదు ఇవ్వండి సార్, పది నిమిషాల్లో తీసేస్తాను."

"ఫిర్యాదిస్తే మరుక్షణం ఆఫీసు వెబ్‌సైట్లో పేరుతో సహా వస్తుంది. పోలింగ్ ఏడింటిదాకా ఉంది. ఊరికే తియ్యి డెల్మా, మనం మనం."

"నంబరు లేకుండా ముట్టుకుంటే నేరం సార్."

"ఏడుంబావుకి ఇస్తాను. నా మాట నమ్ము."

"నాకు ఐదింటికి కావాలి సార్."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయనకి ఏడు దాటాలి, ఆమెకి ఐదు దాటకూడదు. మొసలికి ఏ తొందరా లేదు.

పన్నెండింటికి ప్రెస్టన్ వచ్చాడు. పరిస్థితి చూసి, కమిషనర్ గారు పోలింగ్ రోజంతా జలాశయ సన్నిధిలో మౌనంగా గడుపుతున్నారని పత్రికలకి ప్రకటన పంపాడు. తర్వాత కంచె ఇవతల నుంచి అడిగాడు. "సార్, అద్దాల పెట్టె తెరిపించి బ్యాంగ్ స్టిక్ తెప్పించమంటారా?"

కమిషనర్ గారు కింద మొసలిని చూశారు. "ఇలాంటివి నిపుణులకే వదిలెయ్యాలయ్యా" అన్నారు.

ఒంటిగంటకి జెరాల్డీన్ గారు కొలనులో ఆకులు తీసే పొడుగాటి వల కర్ర చివర శాండ్‌విచ్ పెట్టి పైకి అందించారు. ఆవముద్ద తక్కువైందని పైనుంచి మాట వచ్చింది. మూడింటికి నిమ్మరసం అందించారు. ఐసు కరిగిపోయిందని మాట వచ్చింది.

నాలుగూ నలభైకి డెల్మా తన ట్రక్కు మెట్టు మీద కూర్చుని చేతి గడియారం విప్పేసింది. చూడబుద్ధి కాలేదు. రేపటినుంచి తాను ఎవరో ఆమెకి తెలియడం లేదు. జెరాల్డీన్ గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావు. దేనికోసం చూస్తున్నావమ్మా?"

డెల్మా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఫ్రీజరు సంగతి, ఉత్తరాల సంగతి, ఐదింటి సంగతి. జెరాల్డీన్ గారు మధ్యలో ఎక్కడా ఆశ్చర్యపోలేదు.

"ఆ ఫిర్యాదు ఆయనే ఇవ్వాలా?"

"కౌంటీలో ఉండేవాళ్లు ఎవరిచ్చినా చాలమ్మా. పేరు చెప్పాలి, అంతే."

జెరాల్డీన్ గారు ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసి, నంబరడిగి నొక్కారు. జారుడుబల్ల మీద నుంచి "జెరాల్డీన్, ఎవరికి చేస్తున్నావ్?" అని వినిపించింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

"హలో. నా పేరు జెరాల్డీన్ టిడ్‌వెల్. మా ఈతకొలను దగ్గర ఒకటి చేరిందమ్మా. ఆరడుగులుంటుంది. పొద్దుట్నుంచీ కదలట్లేదు. దగ్గరికెళ్తే అరుస్తోంది."

అవతలి అమ్మాయి టైపు చేసుకుంటున్న చప్పుడు డెల్మాకి కూడా వినిపించింది. "తిండిగానీ పెట్టారాండీ? పెట్టకూడదు, అలవాటు పడితే ఇక వదలదు."

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా పెడుతున్నానమ్మా."

టైపు చప్పుడు ఆగింది. "మీరు చెబుతోంది మొసలి గురించే కదండీ?"

"మొసలి కూడా ఉంది" అన్నారు జెరాల్డీన్ గారు.