పొత్తిగుడ్డల పండుగ

క్రిస్మస్ ముందురోజు ఉదయం దర్జీ ఒక గొప్ప సంకల్పంతో నిద్ర లేచాడు. ఆ రోజు ఏ పనీ చేయకూడదు. మిషను మీద గుడ్డ కప్పేశాడు. మెడలోని టేపు తీసి మేకుకు తగిలించాడు. వరండాలో కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, ఈ ఏటి పండుగకు తాను చేసిన ఘనకార్యాన్ని తీరిగ్గా నెమరు వేసుకోవాలనుకున్నాడు. జీవితమంతా ఇతరుల పండుగలకు బొత్తాలు కుట్టినవాడికి ఆ మాత్రం ఆశ ఉండడం తప్పు కాదు.

ఘనకార్యం చిన్నదేమీ కాదు. సంఘపెద్దల సమావేశంలో, అందరూ అలంకరణ గురించి మాట్లాడుకుంటున్న వేళ, ఏనాడూ నోరు విప్పని దర్జీ లేచి నిలబడ్డాడు.

"పండగ వెళ్ళిన మర్నాడు మన మందిరం వెనకాల ఒకసారి చూడండయ్యా! మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ నక్షత్రాలు, థర్మకోల్ గొర్రెలు. అవి కుళ్ళవు, చావవు. ఆయన చేసిన భూమ్మీద ఆయన పుట్టినరోజు పేరు చెప్పి మనం చెత్త పోస్తున్నాం. ప్రభువుని పొత్తిగుడ్డల్లో చుట్టారు గానీ మెరుపు కాగితంలో చుట్టలేదండీ!"

ఈ చివరి మాటకు పాస్టరుగారు సైతం తల వంచుకున్నారు. ఆ పూటే తీర్మానమైంది. ఈ పండుగకు ఎవరూ కొత్తది ఏదీ కొనరాదు. మందిరంలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలను కరిగించి కొత్త కొవ్వొత్తులు పోయాలి. దర్జీ ఇంటి వరండాలో ఒక బుట్ట ఉంటుంది, ఎవరింట పాత బట్ట ఉన్నా తెచ్చి అందులో వేయాలి. కొత్తగా కాపురానికి వచ్చిన దర్జీ కోడలు వాటిని చదరపు ముక్కలుగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, కొవ్వొత్తులను వాటిలో చుట్టి ఇంటింటికీ ఇవ్వాలి. పుచ్చుకున్నవారు ఆ గుడ్డను పారేయకుండా ఏదో ఒక పనికి వాడుకోవాలి.

"దేనికైనా వాడండి. పారేశారో, నేను ఊరుకోను!" అని దర్జీ ఇంటింటికీ వెళ్ళి మరీ చెప్పి వచ్చాడు.

కొవ్వొత్తుల పంపకం నిన్నటితో ముగిసింది. ఇక మిగిలింది టీ.

కోడలు వంటింట్లోంచి వేడివేడి టీ గిన్నె పట్టుకుని వచ్చి దర్జీ గ్లాసు నింపింది. చేయి కాలకుండా గిన్నె చుట్టూ ఒక తెల్లని మందపాటి గుడ్డ పట్టుకుంది. ఆ గుడ్డ మీద ఎర్రదారంతో కుట్టిన చిన్న సిలువ ఉంది. దర్జీ ఆ సిలువను ఎరుగును, దానిని కుట్టినది తానే. అది పాస్టరుగారి ఆరాధన అంగీకి మెడపట్టీ.

ప్రతి ఏడూ పండుగ వారంలో పాస్టరమ్మగారు ఆ అంగీని ఒక నీలం సంచిలో పెట్టి తెచ్చేవారు. అంచు ఊడిన చోట కుట్లు వేయడం, పట్టీ సరిచేయడం, ఇస్త్రీ చేసి అప్పగించడం దర్జీ వంతు. మిషను పక్కన ఆ అంగీకని ప్రత్యేకంగా ఒక కొక్కెం ఉండేది. ఇతరుల చొక్కా దాని మీద వాలడానికి వీల్లేదు. సంఘంలో అతనికున్న హోదా అంతా ఆ కొక్కెమే.

"అమ్మాయ్," అన్నాడు, "ఆ గుడ్డ ఎక్కడిది?"

"బుట్టలోదే మావయ్యగారూ. మందంగా ఉంది, చెయ్యి కాలట్లేదు."

"మిగతాదేది?"

"మిగతాదేంటండీ?"

"దాని కింద ఉండాల్సింది! చేతులు, వీపు, ముందుభాగం!"

"అదా! ఎంత మంచి గుడ్డండీ! ఒక్క చిరుగు లేదు. ఎవరో పెద్ద మనసున్నవాళ్ళు ఇచ్చుంటారు. చక్కగా నాలుగు పెద్ద ముక్కలొచ్చాయి. చూసినవాళ్ళంతా ఒకటే మెచ్చుకోవడం!"

దర్జీ గోడకు చేరగిలబడ్డాడు. చేతిలోని గ్లాసు దారి తప్పి టీ అంతా చొక్కాను తడిపింది. లోపలినుంచి భార్య పరుగెత్తుకు వచ్చింది.

"ఏమైందండీ? గుండె నొప్పా?"

"అంత అదృష్టమా! పాస్టరుగారి అంగీని ఊరికి పంచేశాం."

విచారణ మొదలైంది. మొన్న దర్జీ దారపు రీళ్ళకోసం వెళ్ళిన సమయాన పాస్టరమ్మగారు వచ్చి వెళ్ళినట్టు భార్యకు గుర్తుంది. నీలం సంచి బుట్టలోనే దొరికినట్టు కోడలికి గుర్తుంది. దర్జీ ఈ రెండింటినీ కలిపి కుట్టేశాడు.

"ఆవిడ కుర్చీలో పెట్టి వెళ్ళుంటారు. అది జారి బుట్టలో పడుంటుంది. నువ్వు కత్తెరేసేశావు."

"నాకేం తెలుసండీ? బుట్టలో ఉన్నవన్నీ కొయ్యమన్నది మీరే," అని కోడలు కళ్ళు తుడుచుకుంది, ఆ మెడపట్టీతోనే.

"పోనీ, వెళ్ళి అయ్యగారితో ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. ఆయనేమన్నా కరుస్తారా?" అంది భార్య.

"ఏమని చెప్పనే? రేపు పొద్దున మీరు తొడుక్కోవాల్సిన అంగీతో మా కోడలు టీ గిన్నె దించుతోందని చెప్పనా? సిలువ కింద కూర్చున్న ఆ సైనికులే నయం. ప్రభువు అంగీ చింపడానికి మనసొప్పక చీట్లేసుకున్నారు. మనం కొలతలు తీసి మరీ కోశాం!"

కొత్త గుడ్డ కొని రాత్రికి రాత్రి మరొక అంగీ కుట్టే దారి కూడా అతడే మూసుకున్నాడు. ఈ పండుగకు కొత్త గుడ్డ జానెడైనా మా గడప తొక్కదని సంఘమంతటి ఎదుట ప్రకటించినవాడు అతడే కదా. మిగిలిన దారి ఒక్కటే. ఇచ్చిన నాలుగు ముక్కలనూ వెనక్కి తెచ్చి, కలిపి కుట్టాలి. నిజం చెప్పి అడిగితే ఆ మాట అంగీకన్నా ముందు పాస్టరుగారిని చేరుతుంది. కనుక కారణం చెప్పకుండా అడగాలి. ఇచ్చిన బహుమతిని పండుగ ముందురోజు తిరిగి అడగడానికి మర్యాదైన కారణం ఏ భాషలోనూ లేదని అతనికి మొదటి గుమ్మంలోనే అర్థమైంది.

మొదటి గుమ్మం రొట్టెల బట్టీ ఆవిడది. ఆమె ఆ గుడ్డను తడిపి, పండుగ రొట్టెలకోసం కలిపిన పిండి తొట్టి మీద కప్పింది. పిండి పొంగి గుడ్డను అంటుకుని ఉంది.

"వందనాలు అన్నయ్యా! చూశారా, మీరు చెప్పినట్టే వాడుకుంటున్నాను," అందామె సంతోషంగా.

"వందనాలమ్మా. ఆ గుడ్డ... మార్చి వేరేది ఇద్దామని వచ్చాను."

"ఎందుకు? ఇది బాగానే ఉందిగా?"

అబద్ధమాడడం అలవాటు లేనివాడు ఆడితే, చేతికందిన మొదటి అబద్ధమే పట్టుకుంటాడు. "అంటే... కొందరి చర్మానికి పడకపోవచ్చు," అన్నాడు.

ఆమె గుడ్డవైపు చూసింది. గుడ్డ కిందనున్న పిండివైపు చూసింది.

"చర్మానికి పడనిది కడుపుకి పడుతుందా అన్నయ్యా?"

దర్జీ ఎంత వారించినా ఆమె వినలేదు. తొట్టెడు పిండి పెరటి గోతిలోకి వెళ్ళిపోయింది. ఒక్క కాగితం ముక్క కూడా వృథా కాకూడదని పండుగ తలపెట్టినవాడు, సంఘమంతా తినవలసిన రొట్టె మట్టిపాలవుతుంటే నిలబడి చూశాడు. గుడ్డకు బదులుగా తన భోజనబల్ల మీది దుప్పటి ఇస్తానని మాటిచ్చి బయటపడ్డాడు.

రెండవ ముక్క గోడలకు రంగులు వేసే అతని దగ్గర ఉంది. దర్జీ వెళ్ళేసరికి అతడు నిచ్చెన దిగి వీపు గోక్కుంటున్నాడు.

"మావా, దురద గుడ్డ కోసమేగా? బట్టీ ఆవిడ చెప్పింది. నాకు పొద్దుట్నుంచీ ఒకటే దురద!"

"దాన్ని వీపుకి వాడావా?"

"లేదు, బ్రష్షు తుడిచాను."

"మరి వీపెందుకు దురద పెడుతుందిరా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. అంత చెడ్డ గుడ్డన్నమాట!"

గుడ్డ నడిమధ్యన నీలిరంగు చారలు ఆరిపోయి ఉన్నాయి. దానికి బదులుగా దర్జీ ఇంటి ముందుగది తెరలు కావాలని రంగులతను అడిగాడు. ఒక్కటి కాదు, రెండూ. వీపుకు జరిగిన నష్టానికి రెండవది.

మూడవ ముక్క ఆసుపత్రి నర్సుది. మనవరాలికి కింద పరిచే గుడ్డగా వాడిందట. కబురు ఆమెను ముందే చేరింది. గుడ్డను మందునీళ్ళలో ఉడికించి, పట్టకారుతో పట్టుకుని, గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బాబాయ్, పసిపిల్ల విషయం. నిజం చెప్పండి. ఇది ఎవరి ఒంటి మీది గుడ్డ?"

"ఎవరి ఒంటి మీదిదీ కాదమ్మా!" అన్నాడు దర్జీ కంగారుగా. తన జన్మలో చెప్పిన అన్ని అబద్ధాల్లోకీ అది నీచమైనదని అతనికే అనిపించింది.

"అంటే ఒంటి మీద కప్పినదా? ప్రాణం పోయాక కప్పినదా?"

ఈ ప్రశ్న అతని సమాధానం కోసం ఆగలేదు, వీధిలోకి వెళ్ళిపోయింది. నాలుగవ ఇంటికి చేరేసరికి ఆ ఇంటి ముసలమ్మ అడగకుండానే గుడ్డను కిటికీలోంచి విసిరి, తలుపు గడియ పెట్టి, లోపలినుంచి బిగ్గరగా ప్రార్థన మొదలుపెట్టింది. దర్జీ శవాల మీది గుడ్డలను పోగుచేసి పండుగ కానుకలు చుట్టాడన్న వార్త సాయంకాలానికల్లా స్థిరపడిపోయింది. కొవ్వొత్తులు తిరిగి రాసాగాయి. కొందరు వరండాలోకి విసిరారు. మర్యాదస్తులు మెల్లగా దొర్లించారు.

దర్జీ తెరల్లేని కిటికీ పక్కన కూర్చుని ముక్కలను కలపడానికి పూనుకున్నాడు. పూర్వకాలపు ఒక భక్తుడు సమస్తమూ పోగొట్టుకుని, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్నాడని అతడు చిన్ననాటినుంచి వింటున్నాడు. ఆయనకు గోక్కోవడానికి ఒక చిల్లపెంకైనా మిగిలిందని, అందులో కొంత సుఖం ఉందని ఇప్పుడు తెలిసింది. ఎంత ఉతికినా ఒక ముక్కలో పులిసిన పిండి వాసన పోలేదు. ఒకదానిలో మందునీళ్ళ ఘాటు నిలిచిపోయింది. నీలిచారలు మరింత తేరుకున్నాయి. అంచులు మడిచి కుట్టినందువల్ల గుడ్డ తగ్గి, అంగీ మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. తన దిండుగలీబు కోసి కిందికి అతికించాడు.

"బాగానే ఉందండీ," అంది భార్య, వేరేవైపు చూస్తూ.

పండుగ ఉదయం దర్జీ ఆ అంగీని రెండు చేతులమీదా పట్టుకుని మందిరం పక్కగదిలోకి వెళ్ళాడు. ఏడ్చి, మోకరించి, క్షమాపణ అడగడానికి అతడు సిద్ధపడే ఉన్నాడు. తలుపు తీశాడు. పాస్టరుగారు అద్దం ముందు నిలబడి ఉన్నారు, నిగనిగలాడే సరికొత్త అంగీలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మొదట వెనక్కి తగ్గినవారు పాస్టరుగారే.

"చూసేశారా!" అన్నారాయన, అలమరలోకి దూరడానికి చోటు వెతుకుతున్నట్టు. "నన్ను క్షమించండి. ఇది మా బావమరిది పైవూరినుంచి కుట్టించి తెచ్చాడు. కాదనలేకపోయాను. కొత్తది ఏదీ వద్దని మీరు అంత చక్కగా చెప్పాక నేనిలా చేశానని మీకెలా చెప్పను? అందుకే పాతదాన్ని మీ బుట్టలో పడేసి వచ్చెయ్యమని మా ఆవిడకి చెప్పాను. ముక్కలైపోతుంది, ఎవరికీ తెలియదనుకున్నాను."

"బుట్టలో... కావాలనే వేశారా?" అన్నాడు దర్జీ.

"అడుక్కంటా తొయ్యమన్నాను." అప్పుడు ఆయన చూపు దర్జీ చేతులమీదికి దిగింది. "ఇదేమిటి?"

దర్జీ చెప్పాడు. రొట్టె పిండి, వీపు దురద, పట్టకారు, శవాలు, తెరలు, అన్నీ చెప్పాడు. పాస్టరుగారు కొత్త అంగీ విప్పేసి, ఆ అతుకుల అంగీకి చేయి చాచారు.

"వద్దు అయ్యగారూ! మీ కాళ్ళు పట్టుకుంటాను, అది వేసుకోకండి. చెత్తలో పోవాల్సినది!"

"నేను పారేసింది మీరు ఇంటింటికీ తిరిగి పోగుచేసి తెచ్చారు. నేను ఆదివారాలన్నీ చెప్పేది అదే కథ కదండీ. వేసుకోక ఏం చెయ్యను?"

ఆయన ఆ అతుకుల అంగీతో వేదిక ఎక్కగానే మొదటి వరుస నిశ్శబ్దంగా లేచి వెనక్కి వెళ్ళిపోయింది. "ఆ కుడిభుజం నాదే," అని బట్టీ ఆవిడ పక్కామెతో గుసగుసలాడింది. రంగులతను ఆ వీపును చూస్తూ తన వీపు గోక్కున్నాడు. పాస్టరుగారు జరిగినదంతా, తన సిగ్గుతో సహా, దాచకుండా చెప్పారు. సంఘం నవ్వింది. మొదట చేయి అడ్డుపెట్టుకుని, తరువాత బల్లలు పట్టుకుని నవ్వింది. మొదటి వరుసవారు ఒక్కొక్కరే వచ్చి తమ చోట్లలో కూర్చున్నారు. దర్జీ మాత్రం తల ఎత్తలేదు. ఏళ్ళ తరబడి తాను కాపాడిన అంగీ పాస్టరుగారి దృష్టిలో చెత్త అయింది, కొత్తదానికి కొలతలు మరెవరో తీశారు. ఆ రెండు ముక్కలూ అతని మనసులో ఎటు తిప్పినా అతుక్కోలేదు. ఆశీర్వచనం ముగియకముందే లేచి ఇంటికి వెళ్ళి, మిషను పక్కనున్న కొక్కేన్ని గోడలోంచి పీకేశాడు.

మరునాడు పాస్టరుగారు కొత్త అంగీని భుజాన వేసుకుని స్వయంగా వచ్చారు. ఏ సంచీ లేదు.

"భుజాలు జారుతున్నాయి, అంచు కాళ్ళకి తగులుతోంది. ఆ పైవూరివాడికి నా ఒళ్ళేం తెలుసు? ఇది మీ చేతిమీద బాగుపడాల్సిందే."

దర్జీ కొక్కెం పీకిన కన్నాన్ని ఒకసారి చూశాడు. ఆ తరువాత టేపు తీసి మెడలో వేసుకుని, భార్యనూ కోడలినీ పిలిచి సాక్షులుగా నిలబెట్టి, అంగీని కుట్టాలో కోయాలో పాస్టరుగారి నోటితోనే చెప్పించుకున్నాకే కత్తెర ముట్టుకున్నాడు.