ఇరవై రెండేళ్ల గుండెకు బ్యాటరీ భాగ్యం

అన్యాయం ఎవరికి జరిగింది? ఒక పేస్‌మేకర్‌కు, గుండెను లయ తప్పకుండా కొట్టించే బ్యాటరీ డబ్బాకు. ఎలా జరిగింది? దానికి కుదిరిన ఇరవై రెండేళ్ల గుండె పీటల మీదికి రాకముందే చేజారిపోయింది.

చదువరులారా, పడుచు వయసులోనే పేస్‌మేకర్ పెట్టించుకోవడం ఎంతటి వరమో ఆలోచించారా? ముసలివారికి ఒకటో రెండో బ్యాటరీలతో సరి. పడుచుపిల్లకైతే జీవితాంతం మారుస్తూనే ఉండాలి! ఆసుపత్రితో అంత దీర్ఘమైన చుట్టరికం సొంత మేనమామతోనైనా సాధ్యమా?

పెద్దారవీడు దగ్గర కూలిపని చేసుకునే ఏబేలు కూతురు హెప్సిబా. ఉపవాస ప్రార్థనల్లో నిలబడి నిలబడి పడిపోయేది. మా చర్చి సంఘపెద్దలు "పరిశుద్ధాత్మ దిగింది" అని చప్పట్లు కొట్టి పాట అందుకొనేవారు. ఒకనాడు మిరపచేలో పడింది. చర్చిలో పడితే ఆత్మ, చేలో పడితే జబ్బు!

పట్నంలో ఒక డాక్టరు నాడి మరీ నెమ్మదిగా ఉందని, మర్నాడే పేస్‌మేకర్ పెట్టాలని తీర్పు చెప్పాడు.

"వేరే దోవ లేదా సారూ?" అన్నాడు ఏబేలు.

"నువ్వేమన్నా డాక్టరు చదివినావా?"

ఎంత పొదుపైన వైద్యం! నోరు మూయించడానికి మత్తుమందైనా అక్కరలేకపోయింది.

హెప్సిబా మాత్రం లేచి నిలబడింది. "ముసిల్దాన్నయిందాకా ఈ డబ్బా మోయాల్నంట. ఇంకొకరిని అడుగుదాం పా, నాయనా."

గుంటూరులో డాక్టర్ కృష్ణకుమారి గారు ముందుగా అడిగింది ఒక్కటే. "ఎప్పుడెప్పుడు పడతావమ్మా?"

"చర్చిలోనో చేలోనో ఊరికే నిలబడితే పడతా మేడం. పరిగెత్తితే పడను."

"చర్చిలో ప్రతిసారీనా?"

"పాస్టరుగారు ముగించకపోతే పడతా."

పరీక్షలన్నీ చేశాక తేలింది: గుండె దిట్టమైనదే. దాన్ని 'మెల్లగా' అని అదుపుచేసే నరమే అతి చేస్తోంది.

తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డ ఏబేలు 'వేరే దోవ లేదా' అన్న తన పాత ప్రశ్ననే నసిగాడు.

"ఉంది, పెదనాన్నా. ఇటు వచ్చి కూర్చో," అంటూ ఆమె గుండె బొమ్మ గీసి చూపారు. "తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి, ఆ నరం కొసల్ని కాలుస్తాం. అందరికీ ఇది పనికిరాదు, కొందరికి పేస్‌మేకరే ప్రాణం. నీ బిడ్డకు మాత్రం ముందు ఇది చేసి చూద్దాం."

చేశారు. ఇప్పుడు హెప్సిబా ఎంత పొడుగు ప్రార్థనకైనా నిటారుగా నిలబడుతోంది. ఆత్మ దిగడం మానేసిందని సంఘపెద్దలకే దిగులు.

పేస్‌మేకర్‌కు నా ప్రగాఢ సానుభూతి. అయితే మా పడమటి పల్లెలకు వైద్యులు తాతల నాటి నుంచి ఒక జవాబు బాకీ పడి ఉన్నారు. గుంటూరులో ఆ పూట అది పూర్తిగా తీరింది. యాభై ఏళ్లు దాటిన ఏబేలు, డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చొన్నది అదే మొదటిసారి.