గీతలు లెక్కపెడితే నీళ్ళు పెరుగుతాయి

గీతల మధ్య అంకెలు రాయనివాళ్ళకు రెండు చేతులా దండం పెట్టాలి!

నవ్వకండి. మొదట సున్నా, చివర వంద రాసి, నడుమ ఉత్త గీతలు గీసి వదిలేసేవాళ్ళు మహానుభావులు. అంకెలుంటే ఏముంది? ఉన్నది చదువుకోవాలి. లేకుంటే ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

షేర్ ఆటోలో పెట్రోలు ముల్లు చూశారా? దాని వెనక కూడా ఉత్త గీతలే. మలక్‌పేట దాకా పోతామని ఆటో అతను చదువుతాడు. దానికి ముందొచ్చే దిల్‌సుఖ్‌నగర్ చాలని ఆటో చదువుతుంది. ఎవరి చదువు వారిది!

మన రాష్ట్రం సంగతే చూడండి. ఒక చివర ప్రకటన, ఇంకో చివర తెలంగాణ. నడుమ చర్చలు, కమిటీ, నివేదిక, మళ్ళీ చర్చలు. గీతకూ గీతకూ మధ్య నెలా, ఏడాదా? ఎవరైనా రాశారా? రాయలేదు కనుకనే గీత కనబడ్డప్పుడల్లా పటాకులు కాల్చుకుంటున్నాం. అంకె రాసి ఉంటే ఎన్ని పండుగలు పోగొట్టుకునేవాళ్ళం!

ఇంకా నమ్మకం కుదరకపోతే ఎల్.బి.నగర్‌లో మా అపార్ట్‌మెంటు సంగతి వినండి.

మా సంపులో నీళ్ళెన్ని ఉన్నాయో చూడడానికి ఒక కర్ర ఉంది. అడుగున సున్నా, పైన ఇరవై వేల లీటర్లు అని రాసి ఉంటుంది. మధ్యలో నాలుగు గీతలు. సెక్రటరీ అంతయ్య ఆ కర్రను దించి, పైకి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి ట్యాంకర్ సంగతి తేలుస్తాడు. ఆయన ఊ అననిదే ట్యాంకర్ రాదు.

ఒక సాయంత్రం సంపులో కర్ర దించుతున్న అంతయ్య దగ్గరికి రెండో అంతస్తు యాదలక్ష్మి పరుగున వచ్చింది. తెల్లారితే బంద్. తెల్లారితేనే ఆమె మనవరాలి తొట్టెల, అదే బారసాల. ఇరవై ఒకటో దినం బంద్ కోసం ఆగదు కదా! బస్సులుండవని నల్లగొండ చుట్టాలంతా ముందురోజే దిగిపోయారు. అల్లుడి తరఫువాళ్ళ చేత నీళ్ళకు మాట పడాల్సి వస్తుందేమోనని ఆమె భయం.

"అన్నా, ఇయ్యాలనే ఒక ట్యాంకర్ పిలువు. రేపు రోడ్ల మీద టైర్లు కాలుతయి, ఎవడొస్తడు?"

అంతయ్య కర్ర తీశాడు. తడి మూడో గీత దాకా ఉంది.

"నడుమ నాలుగు గీతలు. ఇరవైని నాలుగుతోని భాగిస్తే అయిదు. మూడో గీతంటే పదిహేను వేలు! రేపు పండుకునే దాక బిల్డింగు మొత్తానికి పద్నాలుగు చాలు. ఎందుకు చెల్లె పరేషాన్?"

కూరగాయల సంచితో మెట్లెక్కబోతూ సూర్యప్రభ ఆగింది. ఆమె దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది.

"గీతలు కాదండీ అంతయ్యగారూ, వాటి మధ్య ఖాళీలు లెక్కపెట్టాలి. నాలుగు గీతలకి ఖాళీలు అయిదు. ఒక్కో ఖాళీ నాలుగు వేలు. మూడో గీతంటే పన్నెండేనండీ."

"మేడం, గిది సంపు, ఎంసెట్ గాదు. ఖాళీలను ఎవడన్న లెక్కపెడ్తడా? ఉన్నదాన్ని లెక్కపెడ్తరు గని!"

ఎంత గొప్ప మాట! వాన చుక్క పడకుండా, ట్యాంకర్ రాకుండా, ఒక్క భాగహారంతో మూడు వేల లీటర్లు పుట్టించాడు. ఇంతకన్నా పెద్ద ప్రాజెక్టు ఏ ప్రభుత్వం కట్టింది?

మర్నాడు బంద్ బాగా జరిగింది. తొట్టెల ఇంకా బాగా జరిగింది. సాయంత్రం పాపను తొట్టెలో వేసి ఊపారు, పేరు పెట్టారు, బంతి భోజనాలు వడ్డించారు. తిని లేచి చేతులు కడుక్కోబోతే నల్లా బుస్సుమని గాలి వదిలింది.

ఇల్లంతా చేతులే! మటన్ కూర ఎండిపోతున్న కుడిచేతులు పైకెత్తి చుట్టాలు నిలబడ్డారు. ఏ బహిరంగ సభలోనూ ఇన్ని చేతులు ఒక్కసారి లేవలేదు.

వియ్యపురాలు సైదమ్మ అందుకుంది. "ఏంది వదినె, నాక్కొని పొమ్మంటవా? జర ముందుగాల చెప్తే మా బాయి నీళ్ళే బిందెల పట్టుకొస్తుంటిమి గద!"

యాదలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూట మా బిల్డింగులో మిగిలినవి అవే. వాటినీ తుడిచేసుకుని, "నా ఎంట రాండ్రి" అంటూ ఎంగిలి చేతుల ఊరేగింపును కింద అంతయ్య ఇంటికి నడిపించింది.

అంతయ్య తలుపు ఓరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళితే వరండాలో వరసగా నీలం డ్రమ్ములు. మూతలు తీస్తే అంచుల దాకా నీళ్ళు. పదిహేను వేలు ఉన్నాయని చెప్పి వచ్చిన సాయంత్రమే ఆ సంపులోంచే నింపుకున్నాడు!

"గదేం లేదు చెల్లె... జర జాగ్రత్తకు..." అంటూ అంతయ్య లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

సైదమ్మ అప్పటికే మగ్గు ముంచింది. ఒకరి వెనక ఒకరు చేతులు కడుక్కున్నారు. యాదలక్ష్మి మాత్రం డ్రమ్ముల చుట్టూ తిరిగి, వంగి, తడిమి మరీ చూసింది.

"అన్నా, మా నీళ్ళకు గన్ని గీతలు పెట్టినవు. నీ డ్రమ్ముల మీద ఒక్క గీత గూడ లేదేంది?"