మంత్రిగారి తెల్లదొర వేషం

"రెండు ఖండాల కన్నీళ్లను ఒకే ప్రాంగణంలో చూపిస్తాం" అని మంత్రి రవీందర్ గారు శంషాబాద్‌లో ప్రకటించిన రోజున నా మిషన్లో టోనర్ అయిపోయింది. ఆ ప్రకటనకు నాలుగు వందల కాపీలు తీసింది నేనే మరి. మండలాఫీసు ఎదురుగా ఇరవై ఏళ్లుగా జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. తీరికున్నప్పుడు ఓ పత్రికకు వార్తలు కూడా రాస్తుంటాను. నా చేతుల మీదుగా ఎన్నో కాగితాలు పోతుంటాయి. ఒక్కటీ చదవను. చదివే జిరాక్సువాడి దగ్గరకు ఎవరూ రారు.

ఇంతకూ ప్రకటన ఏమిటంటే, యూరప్ దేశాలు ఆసియా మీదా ఆఫ్రికా మీదా పడి ఎలా దోచుకున్నాయో చూపించే మహా మ్యూజియాన్ని విమానాశ్రయం దగ్గర కడతారట. విమానం దిగిన తెల్లవాడు హోటల్‌కు పోయి స్నానం చేసేలోపే సిగ్గుపడాలన్నది మంత్రిగారి సంకల్పం. ఇందుకోసం ఆయన స్వయంగా లండన్, పారిస్, బ్రస్సెల్స్ వెళ్లి పదిహేడు రోజులు బాధపడి వచ్చారు. కుటుంబ సభ్యులు కూడా వెంట వెళ్లి బాధను పంచుకున్నారు. మ్యూజియం డిజైన్ పని లండన్ కంపెనీకే అప్పగించారు. దోపిడీ సంగతి దోచినవాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు?

స్థలం నిర్ణయించిన రోజున పత్రిక తరఫున నేనూ అక్కడే ఉన్నాను. విమానాశ్రయం దారిలో ఒక హోటల్. బల్ల మీద మ్యాపు పరిచారు. మంత్రిగారు చెప్పారు.

"పద్దెనిమిది వందల ఎనభై నాలుగుల బెర్లిన్‌ల గిట్లనే బల్ల సుట్టు కూసున్నరు. ఆఫ్రికా మొకం సూడనోళ్లు స్కేలు పెట్టి ఆఫ్రికాను పంచుకున్నరు. గీతల కింద మనుషులున్నరా అని ఒక్కడన్న అడిగిండా?"

అందరం తలలు దించుకున్నాం. మంత్రిగారు కళ్లు తుడుచుకుని, ఎర్ర స్కెచ్ పెన్ను అందుకుని, మ్యాపు మీద గుండ్రంగా ఒక గీత గీశారు.

"సార్, అక్కడెవరిదో పొలం ఉన్నట్టుందండీ," అన్నాడు పీఏ హరిప్రసాద్.

"పచ్చగ కనవడుతలేదా? పచ్చగుంటే ఖాళీ అన్నట్టే."

ఆ ఖాళీలో మొగులయ్య ఉన్నాడు. మూడెకరాల పది గుంటలు. కొత్తిమీర, పాలకూర, టమాటా పండిస్తాడు. భార్య లచ్చమ్మ వాటిని ఆటోలో వేసుకుని అత్తాపూర్ దాకా పోయి అమ్ముకొస్తుంది. రోడ్లకు పోయింది పోగా మిగిలిన ముక్క అదే. అదీ పోతే ఇక వాళ్లకు చెప్పుకోవడానికేం లేదు. హరిప్రసాద్ మూడుసార్లు వెళ్లి పొలం ఇవ్వమని అడిగాడు. లచ్చమ్మ మూడుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపించింది.

బలవంతంగా లాక్కుంటే బాగుండదు. మ్యూజియం పెడుతున్నదే బలవంతంగా లాక్కున్నవాళ్ల మీద. "ఆయనంతట ఆయనే ఇచ్చినట్టుండాలె," అని మంత్రిగారు ఆదేశించారు. ఇంతటి సున్నితమైన మనసు ఈ రోజుల్లో ఎవరికుంది?

శంకుస్థాపన నాడు ఒక నాటకం వేయాలని తీర్మానమైంది. కథ సోషల్ టీచర్ జాన్ పాల్ రాశాడు. ఏటా చర్చిలో క్రిస్మస్ నాటకం ఆడించేది ఆయనే. ఒక తెల్లదొర ఆఫ్రికాలో దిగి, అక్కడి నాయకుడికి ఒక గుడ్డా ఒక సారా సీసా ఇచ్చి, చదువురాని ఆ మనిషి చేత ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని నేలంతా కాజేస్తాడు. తెల్లదొర వేషం నేనేస్తానన్నారు మంత్రిగారు. ఆయనకంటే తగినవాడు మాకెవరికీ తోచలేదు. నాయకుడి వేషానికి మాత్రం హరిప్రసాద్ మొగులయ్య పేరు చెప్పాడు. "ఆ ముఖంలో అమాయకత్వం సహజంగా ఉందండీ," అన్నాడు.

మొగులయ్యకు చర్చి వాళ్ల క్రిస్మస్ నాటకం పెట్టెలోంచి తూర్పుదేశపు జ్ఞాని జరీ అంగీ, హేరోదు రాజు కిరీటం తీసి తొడిగారు. ఆఫ్రికాలో ఇలా ఉండదని జాన్ పాల్ గొణిగాడు. శంషాబాద్‌లో ఉంటదని మంత్రిగారు తేల్చేశారు.

రిహార్సల్ బాగా సాగింది. మంత్రిగారు శాలువా కప్పి, క్వార్టర్ సీసా చేతిలో పెట్టారు. హరిప్రసాద్ కాగితం, సిరా ప్యాడు తెచ్చాడు.

"గిదేం కాయితం సారూ?" మొగులయ్య అడిగాడు.

"ఒప్పందం పెద్దాయనా. నాటకంలోది."

"ఉట్టి కాయితం పెడితే అయిపాయె గద. గిన్ని అచ్చరాలెందుకు?"

"నిజం కాగితం ఉంటేనే నటన పండుతుంది."

"మరి నాకు సంతకం ఒస్తది."

"నీకొస్తుంది పెద్దాయనా. ఆఫ్రికా నాయకుడికి రాదు."

మొగులయ్య ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. నటన నిజంగానే పండింది, అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత హరిప్రసాద్ చూపించిన చోట నేనూ ఒక సంతకం పెట్టి, ఆ కాగితానికి ఆరు కాపీలు తీశాను. చదవలేదు.

మూడో రోజు సర్వేవాళ్లు కొత్తిమీర మడిలో హద్దులకు రాతి కడీలు పాతారు. మధ్యాహ్నానికి లచ్చమ్మ నోటీసు పట్టుకుని నా సెంటర్‌కు వచ్చింది. "జర సదువు తమ్మీ," అంది. నేను చదవనన్న సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. 'పట్టాదారు మొగులయ్య సదరు భూమిని సాక్షుల సమక్షంలో, తన ఇష్టపూర్వకంగా' అని మొదలైంది. సాక్షుల్లో రెండో పేరు నాదే.

లచ్చమ్మ బల్ల మీద కూలబడింది. "మా ముసలోనికి శాలువ గప్పి నా కడుపు మీద కొట్టిండ్రు గద తమ్మీ. ఇగ రేపటిసంది ఏం అమ్మాలె, ఏం తినాలె?" అని బోరుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. మంచినీళ్లిచ్చాను. నీళ్లు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని, నోటీసును నాలుగు మడతలు పెట్టింది.

"గా నాటకంల ఇంకేమున్నది?" అని అడిగింది చివరికి.

ఆఖరి సీన్ గురించి చెప్పాను. అది మంత్రిగారు దగ్గరుండి కలిపించింది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, విలన్‌గా స్టేజీ దిగితే జనంలోకి తప్పుడు సందేశం పోతుంది. అందుకని తెల్లదొర పశ్చాత్తాపపడి, నేలను తిరిగిచ్చేస్తున్నానని కాగితం మీద సంతకం చేసి, నాయకుణ్ని కౌగిలించుకుంటాడు.

"కాయితం దొరకు ఎవలిస్తరు?"

"నాయకుడి భార్య. అంగన్‌వాడీ టీచర్ స్వర్ణలత వేస్తోంది."

"స్వర్ణలతకు నేన్జెప్పుకుంట. గా కాయితం నువ్వు టైపు జెయ్యి. ఉట్టి కాయితమైతే నటన పండదంట గద."

టైపు చేసిచ్చాను. చదవకుండా టైపు చేసే విద్య నాకింకా పట్టుబడలేదు.

శంకుస్థాపనకు లండన్ కంపెనీ నుంచి నలుగురు దొరలు వచ్చారు. టీవీ కెమెరాలు వచ్చాయి. మంత్రిగారు టోపీ, బూట్లు వేసుకుని స్టేజీ ఎక్కగానే అసలు దొరలు కూడా లేచి నిలబడ్డారు. అంతగా కుదిరింది వేషం. ఆఖరి సీన్‌లో మంత్రిగారు వెక్కి వెక్కి ఏడ్చారు. స్వర్ణలతకు బదులు లచ్చమ్మ ఇత్తడి పళ్లెంలో కాగితం పెట్టుకుని వచ్చింది. ముందుకొచ్చిన ఏ కాగితాన్నీ ఆయన చదివి అవమానించరు. సర్రున సంతకం చేశారు. సంతకం పడిందో లేదో, పక్కనే దొర బంట్రోతు వేషంలో ఉన్న హరిప్రసాద్ చెయ్యి అలవాటు కొద్దీ జేబులోంచి రబ్బరు స్టాంపు తీసి కొట్టేసింది.

జాన్ పాల్ మైకులో చదివాడు. "సర్వే నంబరు రెండు వందల పన్నెండులోని మూడెకరాల పది గుంటలు మొగులయ్యవే. పాతిన కడీలన్నీ పీకించేస్తాను. ఇట్లు, రవీందర్, మంత్రి."

జనం ఈలలు వేశారు. మొగులయ్య కిరీటం జారిపోయేలా మంత్రిగారిని కౌగిలించుకున్నాడు. స్క్రిప్టులో ఉన్నదే.

స్టేజీ దిగగానే విలేకరులు చుట్టుముట్టారు. మంత్రిగారు నవ్వేశారు. "నాటకమయ్యా! నాటకంల పెట్టిన సంతకం ఏడన్న చెల్లుతదా?"

"చెల్లదా సారూ?" అంది లచ్చమ్మ వెనకనుంచి.

"చెల్లదమ్మా. నాటకం నాటకమే."

"అయితే గదే ముక్క రాసియ్యిండ్రి. మావోళ్లు అమాయకులు, రేపు ఈ కాయితం పట్టుకొచ్చి మిమ్ముల పరేషాన్ జేస్తరు."

ఆమె వివేకానికి మంత్రిగారు ముచ్చటపడ్డారు. అక్కడికక్కడే నేను వార్తలు రాసుకునే ప్యాడు అడిగి తీసుకుని, నాటకంలో ఎవరు పెట్టిన సంతకమూ, ఎవరు వేసిన వేలిముద్రా చెల్లవని రాశారు.

"రిహార్సలని గూడ రాయుండ్రి సారూ. నిండుగుంటది."

అదీ రాశారు. సంతకం చేశారు. అతిథులకు బిర్యానీ వడ్డింపు చూస్తున్న హరిప్రసాద్ ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చాడు. కాగితం లాగేసుకుంటాడనుకున్నాను. కానీ అతనికి ముందు సంతకం కనిపించింది. స్టాంపు పడింది. ఆ తర్వాత చదివాడు.

నేను ఇరవై కాపీలు తీశాను. లచ్చమ్మ ఒకటి మండలాఫీసులో, ఒకటి కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదులు తీసుకుంది.

పదిహేను రోజులకు కడీలు పీకేశారు. అందులో నాలుగు లచ్చమ్మ అడిగి ఉంచుకుని బీర పందిరికి పాతింది. మొగులయ్య కిరీటం ఇంకా వాపసివ్వలేదు. క్రిస్మస్‌కు హేరోదు బోడితలతో రావాలా అని జాన్ పాల్ నా దగ్గర మొత్తుకుంటున్నాడు.

మంత్రిగారు మాత్రం వెనుకడుగు వేసే మనిషి కాదు. నిన్న కొత్త ప్రకటన కాపీలకు వచ్చింది. ఇప్పుడు చదవడం అలవాటైంది గనుక చదివాను. మ్యూజియాన్ని మంఖాల్ వైపు మార్చారట. నిడివి ఎక్కువైందని నాటకంలో ఆఖరి సీన్ తీసేశారు. ఆఫ్రికా నాయకుడి వేషానికి స్థానిక కళాకారుల నుంచి దరఖాస్తులు కోరుతున్నారు. నటనలో అనుభవం అక్కర్లేదు. రోడ్డు పక్కన మూడెకరాలకు తగ్గకుండా ఉన్నవారు పట్టాదారు పాసుపుస్తకంతో రావాలి.